మీకు తెలుసా? రంగు పడకముందే చూసే కన్ను

విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పెట్రోలు, డీజిలు తెచ్చే హెచ్‌పీసీఎల్ పైపులైను పొడవు 572 కిలోమీటర్లు. ఒక్కో పైపు 12 మీటర్లు అనుకుని లెక్క వేయండి: 47 వేలకు పైగా అతుకులు తేలతాయి. అలాంటి అతుకుల దగ్గర వంగి చూసి, ‘సరే’ అనో, ‘కోసేసి మళ్లీ వెయ్యి’ అనో చెప్పేవాడు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. ఆ మాట చెప్పే అర్హతకు పరీక్షలున్నాయి. గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: అమెరికన్ వెల్డింగ్ సొసైటీ 1976లో మొదలుపెట్టిన సీడబ్ల్యూఐ, బ్రిటన్‌ నుంచి వచ్చిన సీఎస్‌డబ్ల్యూఐపీ 3.1.

సీడబ్ల్యూఐ పరీక్షలో ఎవరూ రాడ్డు వెలిగించరు. మూడు భాగాలు ఉంటాయి. ఒకటి సిద్ధాంతం. రెండోదాంట్లో ప్లాస్టిక్‌తో అచ్చుగుద్దినట్టు చేసిన వెల్డు నమూనాలు చేతికిస్తారు. గేజీలతో కొలిచి లోపాలు పట్టుకోవాలి. మూడోది కోడ్ పుస్తకం. ఒక్కో భాగంలో 72 శాతం రావాలి. ఒకదాంట్లో తొంభై వచ్చినా, ఇంకోదాంట్లో డెబ్బై దగ్గర ఆగితే ఆ భాగం తప్పినట్టే.

ఇంజినీర్లకే ఈ దారి అనుకుంటారు చాలామంది. కాదు. ప్లస్‌టూ చదివి, వెల్డింగ్‌కు సంబంధించిన పనిలో 5 ఏళ్లున్నవారు కూర్చోవచ్చు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా 9 ఏళ్ల అనుభవం చూపిస్తే చాలు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడుతూ, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్ ట్యూబులు అతుకుతూ ఏళ్లు గడిపినవాళ్లు మన మధ్య ఎందరో. ఈ సంగతి వాళ్ల చెవిన పడాలనే నా తపన. అయితే చేసిన పనికి యజమాని ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. పని మానేసిన పదేళ్లకు వెళ్లి అడిగేకంటే, మానేసిన రోజే రాయించుకోవడం మేలు.

ఇంకో గడప కంటిపరీక్ష. 12 అంగుళాల దూరంలో పట్టిన జేగర్ కార్డు మీద జే2 అనే సన్నని అక్షరాల్ని చదవగలగాలి. కళ్లద్దాలు పెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆర్క్ వెలుగు చూసినవాళ్లు దరఖాస్తుకు ముందే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది.

మూడో భాగంలో పుస్తకం తెరిచి రాయనిస్తారు. ‘అయితే చదవక్కర్లేదు’ అనుకున్నవాళ్లు దెబ్బతినేది అక్కడే, ఎందుకంటే పేజీలు వెతకడానికే సమయం చాలదు. పైపులైన్ల కోడ్ ఏపీఐ 1104 తీసుకున్నారనుకోండి. అతుకు అంచు వెంట పైపు లోహం కరిగి గాడి పడితే దాన్ని అండర్‌కట్ అంటారు. దాని లోతు 0.8 మిల్లీమీటర్లు గానీ, పైపు మందంలో 12.5 శాతం గానీ, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. పైపు మందం 5 మిల్లీమీటర్లు, గాడి లోతు 0.7. 0.8 లోపే కదా అని ‘సరే’ అంటే తప్పు. 5లో 12.5 శాతం 0.625, కాబట్టి ఆ అతుకు పనికిరాదు. ‘ఏది తక్కువైతే అది’ అన్న ముక్క కింద గీత గీసుకుని చదవండి. అలాగే వెల్డులో ప్రతి వంకరనూ డిఫెక్ట్ అనకూడదు. కోడ్ పెట్టిన హద్దు దాటితేనే డిఫెక్ట్. అంతవరకు అది డిస్‌కంటిన్యుటీ మాత్రమే. ఇన్‌స్పెక్టర్ ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు లేదు.

మన డెల్టా గాలి నేర్పే పాఠం ఒకటుంది. 7018 అనే వెల్డింగ్ రాడ్డు ‘లో హైడ్రోజన్’, అంటే తక్కువ హైడ్రోజన్ రకం. పూత తేమ పీల్చిందంటే, ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులోకి చేరి, ఇనుము చల్లారాక పగులు తెస్తుంది. ఆ పగులు కొన్నిసార్లు రెండు రోజులకు గానీ బయటపడదు. అందుకే కొన్ని గట్టి ఉక్కులకు 48 గంటలు ఆగాకే తుది తనిఖీ చేయమంటుంది అమెరికన్ స్ట్రక్చరల్ కోడ్. 7018ని కనీసం 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలని, బయటికి తీశాక నాలుగు గంటలకు మించి గాలిలో ఉంచకూడదని కూడా అంటుంది. వానాకాలం మచిలీపట్నం గాలిలో పెట్టె విప్పి పడేసిన రాడ్ల గతి ఊహించండి. మరి పైపులైన్లకు వాడే 6010ని కూడా ఓవెన్‌లో పెట్టాలా? కూడదు. దాని సెల్యులోజ్ పూతకు కొంత తేమ ఉంటేనే ఆర్క్ సరిగా పనిచేస్తుంది. ‘ఎండబెట్టడం ఎప్పుడూ మంచిదే’ అనుకునేవారు ఈ ప్రశ్న దగ్గర తడబడతారు.

చివరగా 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డు, అంటే రెండు ముక్కలు కలిసే మూలలో వేసే త్రికోణపు అతుకు. కాలు పొడవును 0.707తో గుణిస్తే గొంతు మందం, అంటే దాదాపు 4.2 మిల్లీమీటర్లు. ఇంత చిన్న అతుకు ఎంత ప్రమాదం తేగలదో చూడండి. 1980 మార్చి 27న ఉత్తర సముద్రపు చమురు క్షేత్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే వేదిక కూలి, అందులో ఉన్న 212 మందిలో 123 మంది పోయారు. మూలం వెతికితే, ఒక చిన్న పరికరాన్ని పట్టి ఉంచే తొడుగును పెద్ద గొట్టానికి అతికిన 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డు దగ్గర తేలింది. పగులు లోపలి ముఖం మీద రంగు కనిపించింది. అంటే వేదికకు రంగు వేసే నాటికే అక్కడ పగులుంది.

సాధన చేయాలనుకునేవారికి ఆటోనగర్‌ను మించిన బడి లేదు. బాడీకి రంగు కొట్టే ముందురోజు షెడ్డు యజమానిని అడిగి లోపలికి వెళ్లండి. స్లాగ్ రాల్చి, బ్రష్ కొట్టి, టార్చిని అతుకు మీద ఏటవాలుగా పట్టి, ఫిల్లెట్ గేజ్ ఆనించి, కొలత కాగితం మీద రాసుకోండి. పక్కనే వెల్డరు ఉంటాడు. ఏ అతుకు ఎలా వేశాడో అడిగితే చెబుతాడు.