సార్నికో మహాగని పడవలు

ఇటలీలో ఇసెయో సరస్సు ఒడ్డున సార్నికో అనే చిన్న ఊరుంది. 1842లో పియెత్రో రీవా అక్కడ పడవల పని మొదలుపెట్టాడు. నాలుగో తరంలో కార్లో రీవా ఆ పేరును ప్రపంచమంతా తెలిసేలా చేశాడు.

1962లో ఆయన తెచ్చిన ‘అక్వరామా’ మోటారు పడవ నుంచి చూపు తిప్పుకోవడం కష్టం. ఒళ్లంతా మహాగని చెక్క, డెక్కు మీద సన్నటి లేతరంగు చారలు. వార్నిషు ఒక పూత వేయాలి, ఆరనివ్వాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి, మళ్లీ వేయాలి. ఇలా ఇరవై పూతల దాకా పడితేగానీ ఆ నిగనిగ రాదు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాల్సిందే!

అందం ఒక్కటే కాదు, లోపల రెండు వీ8 ఇంజిన్లు.

1969లో కార్లో ఆ యార్డును ఒక అమెరికన్ కంపెనీకి అమ్మేశాడు. అక్వరామాల తయారీ మాత్రం 1996 దాకా సాగింది. పాతవాటిని విప్పి, పాడైన పలకలు మార్చి, తిరిగి నీళ్లలోకి దించే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.