ఇంటి బీరు కిట్‌కు అదనపు హాప్స్: మోతాదు కంటే సమయం ముఖ్యం

బ్రిటన్‌లో 1963 వరకు ఇంట్లో బీరు కాచుకోవాలంటే లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. ఆ సంవత్సరపు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిబంధనను తొలగించారు. అమెరికాలో ఇందుకు వీలు కల్పించిన సమాఖ్య చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశారు. ఇటువంటి దేశాలలో ఇంటి బీరుకు సులభమైన మార్గం డబ్బాలో లభించే కిట్. దాదాపు 1.5 నుంచి 1.8 కిలోల చిక్కని మాల్ట్ పాకాన్ని వేడినీటిలో కలిపి, చక్కెర చేర్చి, 23 లీటర్ల వరకు చల్లని నీరు పోసి, ఈస్ట్ చల్లితే సరిపోతుంది. ఫలితం తాగదగినదే గాని, దానిలో హాప్స్ పరిమళం తక్కువ. అందువల్ల కొంత అనుభవం రాగానే చాలామంది అదనపు హాప్స్ వేయడానికి సిద్ధపడతారు. ఎన్ని గ్రాములు వేయాలన్నది వారి మొదటి ప్రశ్న. శాస్త్రీయంగా చూస్తే అంతకు ముందు అడగవలసిన ప్రశ్న, ఎప్పుడు వేయాలన్నది.

హాప్స్‌లో ఉండే రెండు విలువలు

హాప్ మొక్క శాస్త్రీయ నామం హ్యుములస్ లుప్యులస్. ఇది గంజాయి మొక్క కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. బీరుకు పనికివచ్చేది శంకువు ఆకారంలో ఉండే ఆడపూల గుత్తి. దాని రేకుల మొదట్లో పసుపు పచ్చని పొడిలా కనిపించే లుపులిన్ గ్రంథులలోనే ఈ పంట విలువ అంతా నిక్షిప్తమై ఉంటుంది.

ఈ గ్రంథులలో రెండు రకాల పదార్థాలు ముఖ్యమైనవి. మొదటివి ఆల్ఫా ఆమ్లాలు. ఇవి నీటిలో అంతగా కరగవు. మరిగినప్పుడు అణు నిర్మాణం మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా రూపొంది చేదును ఇస్తాయి. లాక్టోబాసిల్లస్ వంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను అదుపులో ఉంచడంలోనూ హాప్ ఆమ్లాలకు పాత్ర ఉంది. రెండవవి మిర్సీన్, హ్యుములీన్, లినలూల్, జెరానియోల్ మొదలైనవి గల సుగంధ తైలాలు. ఎండిన హాప్స్ బరువులో వీటి వాటా సాధారణంగా 0.5 నుంచి 3 శాతం మాత్రమే. చేదుకు దీర్ఘకాలపు మరుగు అవసరం. అదే మరుగు తైలాలను ఆవిరితో పాటు వెళ్లగొడుతుంది. చారులో మిరియాలు మరగాలి, కొత్తిమీర మాత్రం దించేముందు పడాలి అన్న వంటింటి వివేకమే ఇక్కడా వర్తిస్తుంది.

కిట్‌లో లేనిది ఏమిటి?

కిట్ పాకంలో చేదు ముందే చేర్చి ఉంటుంది. అయితే పాకాన్ని చిక్కబరిచే దశలో నీటితో పాటు సుగంధ తైలాలలో అధిక భాగం పోతుంది. కాబట్టి కిట్‌లో లోపించినది చేదు కాదు, పరిమళం. ఈ తేడా గుర్తించక అదనపు హాప్స్‌ను గంటసేపు మరిగించేవారు ఉన్నదానినే మరింత పెంచుతారు, లేనిదానిని తీసుకురాలేరు.

ఒక చిన్న లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. 10 శాతం ఆల్ఫా ఆమ్లాలు గల రకాన్ని 20 గ్రాములు తీసుకుంటే అందులో ఆల్ఫా ఆమ్లాలు 2 గ్రాములు. మాల్ట్ ద్రావణంలో గంటసేపు మరిగితే అందులో నాలుగో వంతు బీరులోకి చేరుతుందనుకుంటే, 500 మిల్లీగ్రాములు వస్తాయి. 23 లీటర్లకు పంచితే లీటరుకు దాదాపు 22 మిల్లీగ్రాములు, అంటే సుమారు 22 చేదు ప్రమాణాలు. కిట్‌లో ముందే ఉన్న చేదుకు ఇది అదనం. అదే 20 గ్రాములు 3.5 శాతం ఆల్ఫా ఆమ్లాలు గల సాజ్ రకమైతే పెరిగేది దాదాపు 8 ప్రమాణాలే. రకం, దాని విశ్లేషణ విలువ తెలియకుండా చెప్పే గ్రాముల మోతాదుకు అర్థం లేదు.

అనుసరించదగిన పద్ధతులు

హాప్స్ కషాయం: 12 నుంచి 25 గ్రాముల హాప్స్‌ను 75–80 డిగ్రీల సెల్సియస్ వేడి గల లీటరు నీటిలో 15–20 నిమిషాలు మూతపెట్టి ఉంచి, వడకట్టి, కిట్ ద్రావణంలో కలపాలి. ఈ ఉష్ణోగ్రతలో చేదు ఏర్పడటం చాలా నెమ్మదిగా సాగుతుంది. పరిమళం మాత్రం నీటిలోకి దిగుతుంది. అయితే కిణ్వనం ఉధృతంగా సాగే రోజులలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ ఈ పరిమళంలో కొంత భాగాన్ని మోసుకుపోతుంది.

డ్రై హాపింగ్: ప్రధాన కిణ్వనం తగ్గుముఖం పట్టిన తరువాత హాప్స్‌ను నేరుగా పాత్రలో వేసి మూడు నాలుగు రోజులు ఉంచడం ఈ పద్ధతి. అప్పటికే ఆల్కహాల్ ఏర్పడి, ఆమ్లత పెరిగి ఉండటం వల్ల కలుషితమయ్యే అవకాశం తక్కువ. మిగిలిన ఈస్ట్ జెరానియోల్‌లో కొంత భాగాన్ని సిట్రోనెలోల్‌గా మార్చి, నిమ్మజాతి వాసనకు తోడ్పడుతుంది. 23 లీటర్లకు 25 నుంచి 60 గ్రాములు సాధారణ మోతాదు.

మోతాదును ఎంత పెంచినా పరిమళం అదే నిష్పత్తిలో పెరగదు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కాస్కేడ్ రకంపై ప్రచురించిన అధ్యయనం ప్రకారం, లీటరుకు 8 గ్రాములు దాటిన తరువాత పరిమళ వృద్ధి మందగించింది. నిమ్మజాతి వాసన కంటే ఆకు, తేయాకు వాసనలు ముందుకు వచ్చాయి. గమనించదగిన విషయమేమంటే, కాస్కేడ్ కూడా అదే రాష్ట్రపు ప్రజనన కృషి ఫలితమే. 1956లో మొదలైన ఆ కృషి 1972లో రకం విడుదలతో ముగిసింది. పదహారేళ్ల ప్రజనన శ్రమతో సాధించిన సుగంధం, గంటసేపు మరిగించడంతో ఆవిరైపోతుంది.

సీసాలో పొంచి ఉన్న ప్రమాదం

డ్రై హాపింగ్‌లో అసలైన ప్రమాదం రుచికి సంబంధించినది కాదు. హాప్స్‌లో పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైమ్‌లు కొద్దిగా ఉంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బ్రౌన్, మోరిస్ 1893లోనే గుర్తించారు. ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్‌లను ఇవి చక్కెరలుగా మారుస్తాయి. దాంతో ముగిసిందనుకున్న కిణ్వనం మళ్లీ మొదలవుతుంది. హైడ్రోమీటర్‌లో 0.002 మేర తగ్గుదల స్వల్పంగానే తోచవచ్చు. కాని మూసిన సీసాలో అది ప్రతి లీటరు బీరుకు దాదాపు మరో లీటరు వాయువును చేర్చగలదు. నురుగు కోసం కలిపే చక్కెర దీనికి తోడైతే సీసా పగిలి, గాజు ముక్కలు ఎగిరిపడే ముప్పు ఉంది. అందువల్ల హాప్స్ వేసిన తరువాత రెండు మూడు రోజులు వరుసగా హైడ్రోమీటర్ ఒకే అంకె చూపితేనే సీసాలలో నింపాలి. హాప్స్ వేయకముందు తీసుకున్న అంకెను ఆధారంగా తీసుకోరాదు.

ఇతర జాగ్రత్తలు

• గాలి, వేడి తగిలితే ఆల్ఫా ఆమ్లాలు, తైలాలు రెండూ క్షీణిస్తాయి. గాలి తీసిన సంచిలో, ఫ్రీజర్‌లో నిల్వచేయాలి.

• వెలుతురు సోకితే ఐసో ఆల్ఫా ఆమ్లాల నుంచి దుర్వాసన గల గంధక సమ్మేళనం ఏర్పడుతుంది. గోధుమరంగు సీసాలు మేలు.

• వాడిన హాప్స్ పిప్పిని కుక్కలకు అందనీయరాదు. అది వాటి శరీర ఉష్ణోగ్రతను ప్రాణాంతకంగా పెంచగలదు.

• ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ వివరాలు ఇక్కడి పాఠకులకు అధ్యయనం కోసమే.

ముగింపు

వేసవిలో దీర్ఘమైన పగళ్లు కోరే హాప్స్ తెలుగు నేలకు అనువైన పంట కాదు. దేశంలో ఇది హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో సాగైంది. అయినా ఇది నేర్పే పాఠం నిమ్మగడ్డికి, తులసికి, కరివేపాకుకు కూడా వర్తిస్తుంది. ఆవిరయ్యే తైలంలో విలువ దాగిన పంటకు పొలంలో చేసిన శ్రమ ఎంత ముఖ్యమో, కోత తరువాత దానికి వేడి తగిలే క్షణం, తగిలే వ్యవధి అంతే ముఖ్యం. విస్తరణ శాస్త్రవేత్తలు ఇటువంటి పంటలకు సిఫారసు చేసేటప్పుడు మోతాదుతో పాటు ఉష్ణోగ్రతను, సమయాన్ని కూడా తప్పక పేర్కొనాలి.