డాలియా కుండీని పారెయ్యకండి!

మల్లెకి వాసన ఉంది. బంతికి గుమ్మం ఉంది. చామంతికి దేవుడి పటం ఉంది. మరి డాలియాకి? వాసన లేదు. జడలో పెడితే బరువు. పూజకి వాడే అలవాటు మనకి లేదు. "ఎందుకమ్మా దీనికింత చాకిరీ?" అని మా అత్తగారు ఏటా అడుగుతారు. పళ్లెమంత పువ్వు విచ్చిన రోజున మాత్రం పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపిస్తారు. అదీ డాలియా అంటే!

మనలో చాలామంది డాలియాని ఎలా పెంచుతున్నాం? డిసెంబరులో మొగ్గతో ఉన్న కుండీ కొనుక్కొస్తాం. రెండు నెలలు మురిసిపోతాం. మార్చిలో ఆకులు పండుబారగానే "చచ్చిపోయింది" అని పీకి పారేస్తాం. నిజానికి అది చావలేదు. మట్టికింద చిలగడదుంపల గుత్తిలా దుంపలు కట్టుకుని నిద్రకి సిద్ధమవుతోంది. మనం పారేస్తున్నది వచ్చే ఏటి పువ్వుల్ని!

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎలాగూ రెండు నెలల ముచ్చటే కదా అని రసాయనపు ఎరువూ, పురుగుమందూ ధారాళంగా పోసేస్తాం. అదే దుంప ఏళ్ల తరబడి మనింట్లో ఉండాలనుకుంటే, దాని మట్టి గురించి కూడా ఆలోచిస్తాం. సేంద్రియ పద్ధతిలో పెంచడమంటే నా దృష్టిలో ముందుగా ఇదే.

పుట్టిల్లు కొండల మీద

డాలియా పుట్టిల్లు మెక్సికో, దాని చుట్టుపక్కల కొండ ప్రాంతాలు. అక్కడి అజ్టెక్ జనం పూర్వం దీని దుంపల్ని తినేవారట. 1789లో మెక్సికో నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని రాజోద్యానానికి విత్తనాలు వెళ్లాయి. 1791లో అక్కడి వృక్షశాస్త్రవేత్త కవానియెస్, స్వీడన్‌కి చెందిన ఆండర్స్ డాల్ పేరు మీద దీనికి డాలియా అని పేరు పెట్టాడు. 1963లో మెక్సికో దీన్ని తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది.

పగలు ఎండ, రాత్రి చల్లదనం దీనికి పుట్టింటి అలవాటు. మన మైదానాల్లో ఆ రెండూ కలిసి దొరికేది శీతాకాలంలోనే. అందుకే ఇక్కడ అది చలికాలపు పువ్వయింది.

పండగలే గుర్తులు

తేదీలు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపించి, నేను పండగల్నే గుర్తుగా పెట్టుకున్నాను. వినాయక చవితికి దుంప ఇసుకలోంచి బయటికి. దసరాకి కుండీలోకి. దీపావళికి చివర తుంచడం. సంక్రాంతికి పువ్వు. శివరాత్రికి నీళ్లు తగ్గించడం. ఉగాదికి మళ్లీ ఇసుకలోకి. పండగలు ఏటా కాస్త ముందూ వెనకా వచ్చినా డాలియా ఏమీ అనుకోదు!

పన్నెండంగుళాల కుండీ తీసుకోండి. అడుగున కన్నం ఉండి తీరాలి. రెండు వంతుల తోటమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక వంతు ఇసుకగానీ కొబ్బరిపొట్టుగానీ కలపండి. కొబ్బరిపొట్టుని ముందు నీళ్లలో నానబెట్టి, పిండి వాడాలి. కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చండి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేరు మాడుతుంది. మొక్కకి ఊతంగా పెట్టే కర్రని నాటేటప్పుడే గుచ్చండి. తర్వాత గుచ్చితే దుంపకి గాయమవుతుంది, గాయం దగ్గర కుళ్లు మొదలవుతుంది.

రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యండి. మా రాజమండ్రి వైపు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వినగానే కుండీల్ని వసారాలోకి లాగుతాం. రెండురోజులు నీళ్లు నిలిస్తే చాలు, దుంప మెత్తబడిపోతుంది.

మొక్క జానెడు పెరిగి, మూడు నాలుగు జతల ఆకులు వేశాక చివర తుంచెయ్యాలి. మనసొప్పదు గానీ, తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి. పెద్ద పువ్వు కావాలంటే ఒక్కో కొమ్మ చివర వచ్చే మూడు మొగ్గల్లో నడిమిది ఉంచి, పక్క రెండూ గిల్లెయ్యాలి. చిన్నవైనా ఎక్కువ పూలు చాలనుకుంటే అన్నీ ఉంచండి.

పైయెరువుగా నూరు గ్రాముల వేరుశనగ చెక్కని లీటరు నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టి, ఆ తేటకి పదింతల నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పొయ్యండి. వాసన భరించాలి మరి! మొగ్గ కట్టాక ఇది తగ్గించండి. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా వస్తుంది, పువ్వు తగ్గుతుంది.

డాబా మీద విషమెందుకు?

కుండీలో పురుగు కనపడగానే "నాలుగు గుళికలు వెయ్యండి" అనే సలహా మనకి బాగా అలవాటు. ఆ గుళికల్లో పేరుపడ్డది ఫోరేట్. ఇళ్లలో పురుగుల మీద కొట్టే మందుల్లో పేరుపడ్డది డైక్లోర్‌వాస్. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఈ రెండింటి అమ్మకం, వాడకం నిషేధం. అయినా అటక మీద పాత పొట్లమో, సీసానో ఉండే ఇళ్లు లేకపోలేదు. దాని జోలికి పోకండి, పిల్లల చేతికి అందనివ్వకండి. వడియాలు పెట్టేదీ, మిరపకాయలు ఎండబోసేదీ, పసిపిల్లకి పొద్దుటి ఎండ చూపించేదీ ఆ డాబా మీదేగా! ఒక పువ్వు కోసం అక్కడ విషం చల్లుకోవాలా?

పేనుబంక, తామర పురుగులకి లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి బాగా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికోసారి చొప్పున రెండు మూడుసార్లు కొడితే అదుపులోకి వస్తాయి. ఎర్రనల్లి పొడి వాతావరణంలో ఎక్కువ. ఆకు అడుగున నీళ్ల ధారతో కడిగితే చాలావరకు పోతుంది. ఆకు మీద తెల్లటి బూడిద తెగులు కనిపిస్తే ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఉదయం పూట చల్లండి. ఈనెల వెంట పసుపు చారలు పడి, మొక్క గిడసబారితే అది వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. దుంపతో సహా తీసెయ్యాలి, దాని నుంచి పిలకలు తియ్యకూడదు.

వేసవి గండం

అసలు పరీక్ష ఇక్కడుంది. ఫిబ్రవరి చివర ఆకులు పండుబారాక నీళ్లు తగ్గిస్తూ, రెండు వారాల్లో ఆపెయ్యండి. కాండం నాలుగంగుళాలు ఉంచి కోసి, దుంపల గుత్తి చెదరకుండా తవ్వి తియ్యండి. దీని కాండం లోపల బోలు. అందులో నీరు మిగిలితే కుళ్లు పట్టుకుంటుంది. కాబట్టి రెండు మూడు రోజులు నీడలో తలకిందులుగా ఆరబెట్టాలి. తర్వాత కట్టెల బూడిద చల్లి, మట్టికుండలో పొడి ఇసుక మధ్య పాతిపెట్టి, మెట్లకిందో, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలో ఉంచండి. నెలకోసారి తీసి చూడండి. ముడుచుకుంటే ఇసుక మీద కాసిని నీళ్లు చిలకరించండి. మెత్తబడిన దుంపని ఏరెయ్యండి. రోహిణీ కార్తె దాటించారంటే సగం గెలిచినట్టే. మిగతా సగం వానాకాలపు తడి తగలకుండా చూసుకోవడం.

చవితినాటికి తీసి, తడి ఇసుకలో నీడన పెడితే పదిహేను రోజుల్లో కళ్లు పొటమరిస్తాయి. అప్పుడు పదునైన కత్తితో విడదీయండి. డాలియా కన్ను దుంప ఒంటి మీద ఉండదు, కాండం మొదట్లో ఉంటుంది. కన్నున్న ముక్క రాని దుంప ఎంత లావున్నా మొలకెత్తదు.

గింజ వేస్తే మొక్క తల్లి పోలికే వస్తుందన్న నమ్మకం లేదు. దుంపతో అయితే అచ్చం అదే రంగు, అదే పువ్వు. ఒక్క గుత్తి నుంచి మూడు నాలుగు మొక్కలు చేసుకోవచ్చు. అన్నీ మీరే ఉంచుకోకండి. శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లకి ముందే మాటిచ్చి, దసరాలోగా పంచిపెట్టండి. ఇచ్చేముందు మాత్రం కన్నుందో లేదో ఒకసారి చూసి ఇవ్వండి!