అర్ధకథానకము : ఒక వర్తకుని జీవితము, ఒక సామ్రాజ్యము

1605వ సంవత్సరమును చరిత్రకారులు అక్బరు మరణముచేతను, జహంగీరు సింహాసనారోహణముచేతను గుర్తింతురు. ఆ సంవత్సరముననే జౌన్‌పురమున నొక యువకుడు మెట్లపైనుండి పడి నుదురు చిట్లగొట్టుకొనెను. ఈ రెండింటికిని గల సంబంధమును తెలుపు గ్రంథము బనారసీదాసు రచించిన అర్ధకథానకము.

బనారసీదాసు 1586లో శ్రీమాల జైన వర్తకకుటుంబమున జన్మించెను. 1641లో ఆగ్రాయందు, తన యేబదియైదేండ్ల జీవితమును 675 పద్యములలో వ్రాసెను. మానవుని పూర్ణాయువు నూటపదియేండ్లని యెంచి దానిని సగముకథ యనెను. భారతీయభాషలలో స్వీయచరిత్ర రచించిన తొలివారిలో నితడొకడు.

అక్బరు మరణవార్త విన్నంతనే అతడు మూర్ఛిల్లి పడెను. తల్లి గుడ్డ కాల్చి గాయమున కద్ది పరుండబెట్టెను. ఇంతలో ఊరంతయు కల్లోలము. అంగళ్లు మూతపడినవి. జనులు నగలను నేలలో పాతిపెట్టిరి; ధనికులు ముతకబట్టలు కట్టిరి. ధనికుడెవడో పేదయెవడో తెలియరాదయ్యెను. పదిదినములకు క్రొత్త పాదుషా గద్దెనెక్కినట్లు ఆగ్రానుండి ఉత్తరము రాగా భయము తీరెను.

ఇంత భయమేల? బనారసీదాసు బాల్యముననే నవాబు కిలీచ్‌ఖాను జౌన్‌పురపు రత్నవర్తకులను చెరబెట్టి కొరడాలతో కొట్టించెను, వారందరు ఊరువిడిచిరి. చక్రవర్తి యుండగనే అధికారి యిట్లు చేసినచో, ఆయన లేనినాడు దిక్కెవ్వరను శంక సహజము. వర్తకునకు రాజ్యమనగా కీర్తి కాదు. అంగడి తలుపు నిర్భయముగా తెరచుట.

మరియొక విశేషము. పడినప్పుడు శివుడు తనకు తోడురాలేదని తలంచి, బనారసీదాసు తాను నిత్యము చేయుచున్న శివశంఖపూజను మానెను. సామ్రాజ్యవృత్తాంత మొక పౌరుని విశ్వాసమునే మార్చినది.

ఇక రాజులతో పనిలేని దుఃఖము వేరు. ఏడుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు పుట్టి గతించిరి. ఈ తొమ్మిది మరణములకు ఏ ఆస్థానచరిత్రలోను తావులేదు. అప్పులను, అరువుకు తిన్న కచోరీలను చెప్పినంత నిరాడంబరముగనే అతడు వీనినిగూడ చెప్పెను.

తెలుగున 1838లో ముద్రితమైన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర సామాన్యదృష్టికి సాక్ష్యమే. కాని యది ప్రధానముగ మార్గవృత్తాంతము, ఇది గృహవృత్తాంతము. శాసనములు రాజు దానములను చెప్పును. ఆ రాజు మరణించిననాడు ఇంటింట ఏమి జరిగెనో తెలియవలెనన్నచో, ఇట్టి గ్రంథములనే ఆశ్రయింపవలెను. భాషాసాహిత్యపరిశోధకులు చరిత్రకు చేయగల సేవ యిదియే.