చల్లని మబ్బులో పుట్టే చుక్కలు

ఓ చలికాలపు రాత్రి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళుతుంటే దారిలో బస్సు ఆగిపోయింది. అందరం దిగాము. వెంట ఉన్న విద్యార్థి ఆకాశం చూసి అడిగాడు: "హజ్రత్, ఈ చుక్కలన్నీ ఒక్కసారే పుట్టాయా?"

లేదు, ఇప్పటికీ పుడుతున్నాయి. వరుసగా నిలిచిన మూడు చుక్కల కింద మసక మచ్చను చూపించాము. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఓరియన్ నెబ్యులా అది. అక్కడి పసి నక్షత్రాల వయసు పది లక్షల ఏళ్ల ప్రాంతం. మన సూర్యుడిది 460 కోట్లు!

వింతేమిటంటే, ఈ మంటకు ముందు చలి కావాలి. వేడి వాయువు ఉబ్బిపోతుంది. సున్నాకు దాదాపు 260 డిగ్రీల కిందికి చల్లబడిన మబ్బే తన బరువుకు తానే కుంగి ముద్దలవుతుంది. ముద్ద నడిమి భాగం కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ హీలియంగా మారుతూ నక్షత్రం వెలుగుతుంది.

మన పాలపుంతలో, ఉర్దూలో కహకషాఁ అంటాము, ఏటా ఒకటి రెండు సూర్యుల బరువు వాయువే ఇలా నక్షత్రాలవుతోంది. విశ్వంలో వెనుకటి జోరు తగ్గింది. కారణం వెదుకుతూ పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో మన శాస్త్రజ్ఞులు 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలను పరిశీలించి, 2020లో ఫలితం ప్రకటించారు. వాటిలోని హైడ్రోజన్ నిల్వ ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లకే సరిపోయేదట. బయటి నుంచి వాయువు అందకపోతే పొయ్యి ఆరినట్టే.

"మరి మన కహకషాఁ?" అన్నాడు కుర్రవాడు.

బయటి నుంచి దీనిలోకి వాయువు ఇంకా వచ్చి పడుతూనే ఉందన్నాము. అంతలో బస్సు కదిలింది.