నిమ్మరసం కోసం పుట్టిన మీటరు

తెల్లవారుజామున నాగాయలంక వైపు రొయ్యల చెరువు గట్టెక్కితే ఏరేటర్ల చప్పుడు తప్ప మరేమీ వినపడదు. రైతు మగ్గుతో నీళ్లు ముంచి, జేబులోంచి పెన్నంత మీటరు తీసి, మూత ఊడదీసి కొన ముంచుతాడు. అంకెలు కాసేపు ఊగి 7.8 దగ్గర నిలుస్తాయి. నోటుబుక్కులో రాసుకుంటాడు. మధ్యాహ్నం మూడింటికి అదే చెరువు, అదే మగ్గు. ఈసారి 8.8. కంటికి మాత్రం నీళ్లు పొద్దుటిలాగే ఉన్నాయి.

ఆ ఒక్క అంకె చిన్నదేం కాదు. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త మీటరు చూపించే ఈ పీహెచ్ కొలత పెట్టాడు. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు పెరిగితే ఆమ్లగుణం, తగ్గితే క్షారగుణం. స్వచ్ఛమైన నీటిలో లీటరుకు అవి 0.0000001 మోల్ ఉంటాయి. బిందువు తర్వాత ఏడో స్థానంలో ఒకటి వచ్చింది కాబట్టి పీహెచ్ 7. ఎనిమిదో స్థానానికి జరిగితే పీహెచ్ 8, అప్పటికి అయాన్లు పదో వంతే మిగిలాయన్నమాట. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మన చెరువులో జరిగింది అదే. బళ్లో పిల్లలకు ఈ పదింతల సంగతి ఒక్కటి గట్టిగా పట్టుబడితే మిగతా పాఠం దానంతటదే వస్తుంది.

మీటరు రాకముందు రంగులే దిక్కు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో ఎప్పటినుంచో తెలుసు, పెళ్లిలో పెట్టే పారాణి అదే. లిట్మస్ కూడా ఆ కోవలోదే. కానీ కాలిఫోర్నియాలో నిమ్మరసం పరీక్షించే గ్లెన్ జోసెఫ్‌కు లిట్మస్ పనికిరాలేదు. రసం చెడకుండా కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ ఆ రంగునే చెరిపేసేది.

గాజుతో కొలవవచ్చని అప్పటికే తెలుసు. పల్చటి గాజు బుడ్డి లోపల ఒక ద్రావణం పోసి బయట నిమ్మరసం ఉంచితే, రెండింటి హైడ్రోజన్ అయాన్ల తేడాను బట్టి గాజుకు అటూ ఇటూ చిన్న వోల్టేజి పుడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు సుమారు 59 మిల్లీవోల్టులు. చిక్కల్లా గాజు గుండా కరెంటు సరిగా పారకపోవడమే. వోల్టేజి కొలిచే ముల్లు కదలాలంటే బుడ్డి మరీ పల్చగా ఉండాలి, అంత పల్చగా ఉంటే ఊరికే పగిలిపోతుంది. 1934లో జోసెఫ్ ఈ గోడు చదువుకున్ననాటి స్నేహితుడు ఆర్నాల్డ్ బెక్‌మన్‌కు చెప్పుకున్నాడు. బెక్‌మన్ కమ్మరి కొడుకు, రసాయన శాస్త్రం బోధించేవాడు, ఎలక్ట్రానిక్స్ కూడా తెలిసినవాడు. వాక్యూమ్ ట్యూబులతో ఆంప్లిఫయర్ కట్టి ఆ బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేశాడు. ఇక గాజు కాస్త మందంగా ఉన్నా సరిపోయింది. కొన్నాళ్లకు జోసెఫ్ మళ్లీ వచ్చి ఇంకోటి కావాలన్నాడు. మొదటిది తన చేతికి అందనివ్వకుండా ల్యాబులో అందరూ వాడేస్తున్నారట! 1936లో పేటెంటు వచ్చింది. చెక్కపెట్టెలో అమర్చిన ఆ యంత్రం ధర 195 డాలర్లు. తర్వాత ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చి దాన్ని చొక్కా జేబుకు కుదించాయి.

మళ్లీ మన చెరువు దగ్గరికి వద్దాం. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కార్బోనిక్ ఆమ్లమవుతుంది. ఎండలో నాచు ఆ వాయువును పీల్చేస్తుంటే పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి నాచు, రొయ్యలు అన్నీ ఊపిరితో ఆ వాయువును వదిలేసరికి మళ్లీ దిగుతుంది. ఈ ఎక్కడం దిగడం అర అంకె లోపు ఉంటే రైతుకు నిశ్చింత. దాటితే భయం అమ్మోనియాతో. మిగిలిన మేత, రొయ్యల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాలో, పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. చెరువులో అమ్మోనియా రవ్వంత కూడా పెరగలేదు, పీహెచ్ మారేసరికి ఉన్నదే విషమైంది. నాకు ఈ రసాయనంలో అన్నిటికన్నా భయం గొలిపే సంగతి ఇదే.

అందుకే 8.8 చూసిన రైతు సున్నం బస్తా జోలికి పోడు. బెల్లం నీళ్లు కలిపి చల్లుతాడు. సూక్ష్మజీవులు ఆ తీపిని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ నెమ్మదిగా దిగుతుంది.

మీటరు కొనను మంచినీళ్లతో కడిగి, మూతలో రెండు చుక్కల పొటాషియం క్లోరైడ్ ద్రావణం వేసి బిగిస్తాడు. ఆ గాజు బుడ్డి ఎండితే అంకెలు తప్పు చూపిస్తాయి. తర్వాత మగ్గు పట్టుకుని పక్క చెరువు గట్టు మీదికి నడుస్తాడు.