ఒక్క పన్ను ఇంప్లాంట్‌కు ఎంత ఖర్చవుతుంది? ఆ సొమ్ము ఎలా సమకూర్చుకోవాలి?

‘ఇంప్లాంట్ కేవలం రూ.15,000’ అనే బోర్డు చూసి దంత వైద్యశాలలో అడుగుపెట్టిన వ్యక్తి, తుది బిల్లు రూ.40,000కు చేరువ కావడం చూసి తాను మోసపోయానని భావించడం కద్దు. చాలా సందర్భాలలో ఆ బోర్డు అబద్ధం చెప్పదు, సగమే చెబుతుంది. ఆ ధర దవడ ఎముకలో అమర్చే స్క్రూకు సంబంధించినది. దానిపై నిలిచే పన్నుకు వేరే లెక్క ఉంటుంది.

భారతదేశంలో దంత చికిత్స ఖర్చును అత్యధికులు తమ జేబు నుంచే భరిస్తున్నారు. అందువల్ల చికిత్సకు అంగీకరించే ముందే మొత్తం ఖర్చు ఎంతో, అది ఏయే దశల్లో చెల్లించవలసి ఉంటుందో తెలుసుకోవడం అవసరం.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

ఇది మూడు భాగాల అమరిక. మొదటిది, ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ. ఇది పంటి వేరుకు బదులుగా పనిచేస్తుంది. రెండవది, ఆ స్క్రూను పైనున్న పంటితో కలిపే అబట్‌మెంట్. మూడవది, బయటకు కనిపించే పన్ను, అంటే క్రౌన్. దీనినే వాడుకలో క్యాప్ లేదా తొడుగు అంటారు.

స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలలో టైటానియం పరికరాలు అమర్చి పరిశీలిస్తుండగా, ఎముక ఆ లోహాన్ని విడదీయలేనంతగా అంటిపెట్టుకున్నట్లు గమనించారు. 1965లో తొలిసారిగా ఒక రోగికి ఆ పద్ధతిలో దంతాలు అమర్చారు. నేటి చికిత్సకు అదే పునాది.

ఎముక స్క్రూను పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కింది దవడలో త్వరగా, పై దవడలో కొంత ఆలస్యంగా ఈ ప్రక్రియ పూర్తవుతుంది. కొందరికి వెంటనే పన్ను అమర్చే వీలున్నా, అది ఎముక బలాన్ని బట్టి వైద్యులు నిర్ణయించవలసిన విషయం.

మొత్తం ఎంత అవుతుంది?

నగరాల్లోని ప్రైవేటు క్లినిక్‌లలో స్క్రూ, అబట్‌మెంట్, తొడుగు మూడూ కలిపి ఒక పంటికి సుమారు రూ.25,000 నుంచి రూ.60,000 వరకు అవుతుంది. కింది దవడలో ఒక దవడ పన్ను కోల్పోయి, ఎముక తగినంత ఉన్న వ్యక్తి అంచనా బిల్లు ఇలా ఉండవచ్చు:

- త్రీడీ స్కాన్: రూ.2,500
- స్క్రూ, శస్త్రచికిత్స: రూ.20,000
- అబట్‌మెంట్: రూ.5,000
- జిర్కోనియా తొడుగు: రూ.10,000
- మందులు: రూ.1,000

మొత్తం రూ.38,500. ఇది ఒక నమూనా లెక్క మాత్రమే. ఎముక తరిగిపోయిన చోట దానిని పెంచేందుకు బోన్ గ్రాఫ్ట్ చేయవలసి వస్తే మరో రూ.5,000 నుంచి రూ.20,000 వరకు కలుస్తుంది. పై దవడ వెనుక భాగంలో సైనస్ కింద ఎముక పలుచగా ఉంటే, సైనస్ లిఫ్ట్ అనే అదనపు శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

ధరల్లో ఇంత తేడా ఎందుకు?

మొదటి కారణం బ్రాండ్. స్విట్జర్లాండ్‌కు చెందిన స్ట్రామన్, స్వీడన్ మూలాలున్న నోబెల్ బయోకేర్ వంటివి ఖరీదైనవి. ఆస్టెమ్, డెంటియమ్ వంటి దక్షిణ కొరియా బ్రాండ్లు, దేశీయ తయారీలు వాటికంటే తక్కువకు లభిస్తాయి. తొడుగు లోహంపై పింగాణీదా, పూర్తిగా జిర్కోనియాదా అన్నదానిని బట్టి కూడా ధర మారుతుంది. వైద్యుల అనుభవం, నగరం, ల్యాబ్ నాణ్యత మిగిలిన తేడాకు కారణం.

ఖరీదైనదే మేలైనదని చెప్పలేం. అయితే బ్రాండ్ పేరు తెలియని స్క్రూ వల్ల ఒక చిక్కు ఉంది. ఐదారేళ్ల తర్వాత మరో ఊరిలో అబట్‌మెంట్ స్క్రూ వదులైతే, దానిని బిగించే వైద్యులకు అసలు ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, కొలతలు తెలియాలి. అవి తెలియకపోతే సరిపోయే విడిభాగం దొరకక, చిన్న మరమ్మతు పెద్ద ఖర్చుగా మారుతుంది. అందుకే ఇంప్లాంట్ పెట్టెపై ఉండే లాట్ నంబరు స్టిక్కరును అడిగి తీసుకుని, బిల్లుతో పాటు భద్రపరచుకోవాలి.

వాయిదా వేస్తే ఆదా అవుతుందా?

డబ్బు చేతికందే వరకు ఆగుదామనుకోవడం సహజం. కానీ పన్ను తీసిన తర్వాత ఆ చోట ఎముక నిలకడగా ఉండదు. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు గణనీయంగా తగ్గుతుంది. ఆ తరుగుదలలో ఎక్కువ భాగం తొలి కొన్ని నెలల్లోనే జరుగుతుంది. ఇరుగుపొరుగు పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి దవడలోని పన్ను కిందికో పైకో జరుగుతుంది. ఏళ్ల తరబడి ఆగితే గ్రాఫ్ట్ ఖర్చు కూడా తోడు కావచ్చు.

దీనిలోనే ఒక వెసులుబాటూ ఉంది. చికిత్స దశలవారీగా సాగుతుంది కనుక చెల్లింపూ దశలవారీగా సాగవచ్చు. పై నమూనాలో స్కాన్, శస్త్రచికిత్స, మందులకు మొదట రూ.23,500 కావాలి. మిగిలిన రూ.15,000 నాలుగు నెలల తర్వాత చెల్లిస్తే చాలు. అంటే నెలకు రూ.3,750 పక్కన పెట్టగలిగినవారికి రెండవ దశకు అప్పు అవసరం లేదు. ఇలా చెల్లించేందుకు ఎన్నో క్లినిక్‌లు అంగీకరిస్తాయి, కానీ ఆ మాట ముందే అడగాలి.

బీమా, ప్రభుత్వ పథకాలు ఆదుకుంటాయా?

సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు దంత చికిత్సను మినహాయిస్తాయి. ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పుడు మాత్రం పలు పాలసీలు వర్తిస్తాయి. ఓపీడీ సదుపాయమున్న కొన్ని పాలసీలలో దంత చికిత్సకు పరిమిత మొత్తం ఇస్తారు. అయితే ఇంప్లాంట్‌ను అందులోనూ మినహాయించారేమో, నిరీక్షణ కాలం ఎంతో పాలసీ పత్రంలో చూడాలి.

కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ పథకం ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల కోసం ఉద్దేశించినది. తెలంగాణలోని ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవ కూడా ప్రధానంగా తీవ్ర వ్యాధుల చికిత్సకే. ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ కోసం ఈ కార్డులను నమ్ముకోలేం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు, ఈఎస్ఐ చందాదారులు తమ పథకం నిబంధనలను, ముందస్తు అనుమతి అవసరాన్ని చికిత్సకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. చికిత్స ముగిశాక అనుమతి కోరితే తిరస్కరణకు అవకాశం ఎక్కువ.

పన్నుకు పన్ను మినహాయింపు ఉందా?

పాత ఆదాయపు పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి ఒక మార్గం ఉంది. ఆరోగ్య బీమా లేని 60 ఏళ్లు పైబడినవారి వైద్య ఖర్చుకు ఏడాదికి రూ.50,000 వరకు మినహాయింపు లభిస్తుంది. 80డి సెక్షన్‌గా అందరికీ పరిచయమైన మినహాయింపు ఇదే. తల్లిదండ్రుల కోసం ఖర్చు చేసిన పిల్లలు కూడా దీనిని కోరవచ్చు. చెల్లింపు నగదు రూపంలో ఉండకూడదు. బిల్లులు రోగి పేరిట ఉండేలా చూసుకుని, ఆడిటరును సంప్రదించాలి. కొత్త పన్ను విధానంలో ఈ వెసులుబాటు లేదు.

ఈఎంఐ తీసుకునే ముందు

పై నమూనాలో స్కాన్ ఖర్చు చేతి నుంచి పెట్టుకుని, మిగిలిన రూ.36,000 అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 16 శాతం, గడువు 12 నెలలు. తగ్గుతున్న అసలుపై వడ్డీ లెక్కిస్తే నెలకు సుమారు రూ.3,266 చొప్పున, మొత్తం వడ్డీ దాదాపు రూ.3,200 అవుతుంది. అదే 16 శాతాన్ని ‘ఫ్లాట్’ పద్ధతిలో వేస్తే నెలకు రూ.3,480, వడ్డీ రూ.5,760. అంటే వాస్తవ వార్షిక వడ్డీ దాదాపు 28 శాతం.

ఈ తేడా మాటల్లో దాగిపోకుండా, రుణం ఇచ్చే సంస్థ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రంలో అన్ని రుసుములతో కలిపిన వార్షిక రేటును చూపాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఇచ్చే కొత్త రిటైల్ రుణాలకు 2024 అక్టోబరు నుంచి ఇది అమలులో ఉంది. ఆ పత్రం చదివిన తర్వాతే సంతకం చేయాలి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నచోట వడ్డీని సాధారణంగా క్లినిక్ భరిస్తుంది, లేదా ఆ మేరకు ధరలో ముందే కలుపుతుంది. ‘ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారు?’ అని అడిగితే అసలు లెక్క బయటపడుతుంది. ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్టీ వేరుగా ఉంటాయేమో కూడా చూడాలి.

మరొక ప్రమాదం ఉంది. రుణ సంస్థ మొత్తం సొమ్మును తొలి రోజే క్లినిక్‌కు చెల్లిస్తే, పన్ను అమర్చక ముందే చికిత్స ఆగిపోయినా రోగి వాయిదాలు కడుతూనే ఉండాలి. స్క్రూ ఎముకకు అతుక్కోకపోవచ్చు, క్లినిక్ మూతపడవచ్చు. అందుకే అప్పు చేసినా దశల ప్రకారం సొమ్ము విడుదలయ్యేలా, లేదా రెండవ దశకు విడిగా చెల్లించేలా చూసుకోవడం క్షేమం.

తక్కువ ఖర్చులో మార్గాలు

హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. పీజీ కోర్సులున్న దంత కళాశాలల్లో, ప్రభుత్వ, ప్రైవేటు రెండింటిలోనూ, అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చికిత్స చేస్తారు. రుసుము క్లినిక్‌ల కంటే తక్కువే ఉంటుంది. దానికి బదులు ఎక్కువసార్లు వెళ్లి, ఎక్కువసేపు వేచి ఉండాలి. కొన్నిచోట్ల స్క్రూ ఖరీదు రోగే చెల్లించాలి.

బ్రిడ్జి మరో ప్రత్యామ్నాయం. ఖర్చు తక్కువ, రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది. కానీ ఖాళీకి ఇరువైపులా ఉన్న పళ్లను అరగదీయాలి. వాటికి ముందే తొడుగులు అవసరమైతే బ్రిడ్జియే తెలివైన ఎంపిక కావచ్చు. తీసి పెట్టుకునే పన్ను అన్నిటికంటే చౌక, కానీ నమలడంలో అంత సౌకర్యం ఉండదు.

అమెరికాలో ఒక్క ఇంప్లాంట్‌కు వేల డాలర్లు కావడంతో అక్కడి తెలుగువారు కొందరు సెలవుల్లో స్వస్థలానికి వచ్చి చేయించుకుంటారు. వారికి కూడా సాధారణంగా నెలల వ్యవధిలో రెండు ప్రయాణాలు అవసరమవుతాయి. రెండవ విమాన టిక్కెట్టునూ లెక్కలో కలపాలి.

అంగీకరించే ముందు అడగవలసినవి

- ఈ ధరలో స్కాన్, అబట్‌మెంట్, తొడుగు, తదుపరి పరీక్షలు ఉన్నాయా?
- గ్రాఫ్ట్ అవసరమా? స్కాన్ చూసి చెబుతున్నారా, అంచనాగానా?
- స్క్రూ విఫలమైతే మళ్లీ అమర్చేందుకు ఎవరు చెల్లించాలి? వారంటీ స్క్రూకేనా, శస్త్రచికిత్సకు కూడానా?
- చికిత్స మధ్యలో ఆగితే ఎంత వాపసు ఇస్తారు?

సమాధానాలను అంచనా పత్రంలో రాయించుకోవాలి. రుసుము తీసుకుని అందించే వైద్య సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వివాదం వస్తే ఆ పత్రం, రసీదులే ఆధారం.

మధుమేహం అదుపులో లేనివారు, పొగతాగేవారు, ఎముకల క్షీణతకు మందులు వాడేవారు ఆ విషయం వైద్యులకు ముందే చెప్పాలి. వీరిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం, ఇతర దుష్ప్రభావాల ముప్పు పెరగవచ్చు. చక్కెర స్థాయిని అదుపులోకి తెచ్చుకోవడం, పొగ మానడం ఖర్చులేని పనులు. రూ.40,000 వృథా కాకుండా చూసే తొలి జాగ్రత్త అదే.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స, రుణం, పన్ను నిర్ణయాలకు సంబంధిత నిపుణులను సంప్రదించండి.)